ఖాళీ ఇల్లని రాశాను

పద్నాలుగేళ్ళుగా ఒక ముళ్ళకంప నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. తుమ్మకంప. రెండు మూరలుంటుందేమో. నాంపల్లి స్టేషన్ వెనక, నాలా ఒడ్డున, ఒక రేకుల ఇంటి తలుపుకు అడ్డంగా కట్టి ఉండేది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కంపా లేదు. దాన్ని గురించి నేనాడిన అబద్ధం మాత్రం ఉంది. నా భార్యకు చెప్పలేదు. నా స్నేహితులకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

నా పేరు రాయను. పేరు రాసేంత ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఆగేవాణ్ణి కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను లంచం తినలేదు. ఒక్క రూపాయి కూడా. చాలాకాలం ఈ మాటే నాకు నేను చెప్పుకుంటూ బతికాను. రోజూ పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, నేనేమన్నా డబ్బు తిన్నానా అని నన్ను నేనే అడిగేవాణ్ణి. లేదు. అయితే ఇంకేం, చొక్కా తొడుక్కుని ఆఫీసుకు పోవడమే. డబ్బు తినని మనిషి కూడా ఇంకొకరి ఇల్లు కూల్చగలడని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా ఆఫీసు అబిడ్స్‌లో ఉండేది. పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక పాత భవనం, రెండో అంతస్తు, కింద చెప్పుల దుకాణం. మాది సర్వేలు చేసే కన్సల్టెన్సీ. అప్పట్లో ఒక దూరదేశం మన ప్రభుత్వానికి సాయం చేస్తోంది. కొంత ఊరికే ఇచ్చేది, కొంత తక్కువ వడ్డీకి అప్పు. ఆ డబ్బుతో నాలాను వెడల్పు చేయాలి, రెండు వైపులా గోడలు కట్టాలి, మురుగు నీళ్ళకు వేరే పైపులు వేయాలి. పని మనవాళ్ళు చేయిస్తారు, సరిగ్గా జరుగుతోందా లేదా అన్నది వాళ్ళు వచ్చి చూసుకుంటారు. నాలా ఒడ్డున ఎవరెవరి ఇళ్ళు పోతాయో లెక్క రాసి వాళ్ళకు అందించడం మా పని. నేను కాంట్రాక్టు మీద ఉన్నాను. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపేవాణ్ణి. ఆ దేశం వాళ్ళు వచ్చినప్పుడు పక్కన నిలబడి వీళ్ళ మాట వాళ్ళకు, వాళ్ళ మాట వీళ్ళకు చెప్పేవాణ్ణి.

ఆ దేశం పేరు కూడా రాయను. వాళ్ళ తప్పేమీ లేదు. నిజానికి వాళ్ళ నిబంధనలు మనవాటికంటే దయగా ఉండేవి. పట్టా ఉందా, కాగితం ఉందా అని వాళ్ళు అడగలేదు. ఆ ఇంట్లో మనిషి బతుకుతుంటే చాలు, గోడ కూల్చే ముందు ఆ మనిషికి ఇంకో ఇల్లు చూపించాలి. సొంతంగా, తాళంచెవి చేతికిచ్చి. ఖాళీగా పడి ఉన్న ఇంటికి మాత్రం ఏమీ రాదు. న్యాయమే కదా.

ఇంకో నిబంధన కూడా ఉంది. చోటు కోల్పోయే మనుషుల సంఖ్య ఒక గీత దాటితే ప్రాజెక్టును వేరే వరుసలో పెడతారు. అప్పుడు మళ్ళీ పెద్ద అధ్యయనం, మళ్ళీ బహిరంగ సభలు, వాళ్ళ దేశంలో మళ్ళీ ఆమోదాలు. ఏడాది పడుతుంది, ఇంకా ఎక్కువే పట్టచ్చు. అంతవరకూ సాయం రాదు. మనవాళ్ళకేమో వానలొచ్చేలోపు పని మొదలుపెట్టాలని తొందర. తొందరకు కారణం లేకపోలేదు. ప్రతి ఏడూ నాలా పొంగి ఆ బస్తీలన్నిటిలోకీ మురుగునీళ్ళు వచ్చేవి. మంచాల కింద పాములు తేలడం నేనే చూశాను. చూశారా, అప్పుడే నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. నలుగురి మంచి కోసం చేశానని అనిపించుకోవాలని ఎంత ఆత్రమో నాకు. ఆ రోజు నా మనసులో నలుగురూ లేరు, పాములూ లేవు.

మా లెక్క ఆ గీతకు ఇద్దరు మించింది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఫారాలన్నీ ముందు పెన్సిల్‌తో రాసేవాళ్ళం. మేనేజరు చూశాక ఇంకుతో దిద్దేవాళ్ళం. తప్పులు దిద్దుకోవడానికి అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. మా మేనేజరు చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం తన క్యారేజీలోంచి నాకూ ఇంత పప్పు వడ్డించేవాడు. ఆ రోజు భోజనాలయ్యాక ఫారాల కట్ట నా ముందు పెట్టి, "ఖాళీ ఇళ్ళు సరిగ్గా చూశావా? ఇంకోసారి చూడు" అన్నాడు. అంతే. అబద్ధం రాయమని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి ఆ పాపం ఆయన నెత్తిన వేసి చేతులు దులుపుకునేవాణ్ణి. ఆ రెండు ముక్కల తర్వాత ఆయన, ఆ దేశానికి శిక్షణకు పంపే వాళ్ళ జాబితాలో నా పేరు కూడా పెడుతున్నట్టు చెప్పాడు. రెండు వారాలు. విమానం, హోటలు, అన్నీ వాళ్ళవే.

కట్ట తీసుకుని కూర్చున్నాను. ఇద్దరు తగ్గాలి. ఇద్దరంటే ఒక ఇల్లు. ఒడ్డున ఉన్న ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెలుగుతోంది. ఒక్క ఇంట్లో తప్ప.

ఆ ఇల్లు కిష్టమ్మది. పాలమూరు వైపు నుంచి మొగుడితో కలిసి కూలికి వచ్చి, అప్పటికి ఇరవై ఏళ్ళ ముందే ఆ ఒడ్డున గోడలు లేపుకుంది. మొగుడు నర్సింలు ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసేవాడు. ఆమె స్టేషన్ దగ్గర లాడ్జిలో దుప్పట్లు ఉతికేది. ఒక కూతురు, యాదమ్మ. నేను సర్వేకు వెళ్ళేసరికి నర్సింలు పోయి రెండు నెలలయింది. తలుపు మూసి ఉంది. దానికి అడ్డంగా ఆ కంప.

దాని అర్థం నాకు తెలుసు. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ధనిష్ఠ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు విడిచిపెట్టాలని మనవాళ్ళ పట్టింపు. దీపం పెట్టరు, పొయ్యి రాజెయ్యరు. తలుపేసి, గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టి, ఎక్కడో ఒకచోట తలదాచుకుంటారు. గడువు తీరాక శాంతి చేయించుకుని, పాలు పొంగించుకుని మళ్ళీ ఇంట్లోకి వస్తారు. ఇల్లు ఖాళీ అయిందని చెప్పడానికి కాదు ఆ కంప. ఇంటివాళ్ళు తిరిగి వస్తారని చెప్పడానికి.

మా తాతయ్య ధనిష్ఠలోనే పోయాడు. ఆయన గుంటూరు జిల్లా మనిషి, ఉమ్మడి రాష్ట్రం ఏర్పడినప్పుడు గుమాస్తా ఉద్యోగంతో ఈ ఊరొచ్చి, నాంపల్లిలోనే మూడు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోయినప్పుడు నాకు పదేళ్ళు. మా ఇంటికీ అలాగే కంప వేశారు. కోఠీలో ఒక పోర్షన్‌లో ఆర్నెల్లు కిరాయికి ఉన్నాం. బడి నుంచి వస్తూ రోజూ మా ఇంటి ముందు ఆగేవాణ్ణి. లోపల నా క్యారమ్స్ బోర్డు ఉండిపోయింది. కిటికీ సందులోంచి దాని అంచు కనిపించేది. ఆ ఆర్నెల్లలో ఏ ప్రభుత్వపు మనిషో వచ్చి ఇది ఖాళీ ఇల్లని రాసుకుని పోయి ఉంటే మా నాన్న వాణ్ణి ఊరికే వదిలేవాడా? మా నాన్న నోరున్నవాడు. చొక్కా ఉన్నవాడు. మా ఇంటి జోలికి ఎవడూ రాడు.

సర్వే రోజున కిష్టమ్మ లాడ్జికి వెళ్ళింది. పక్కింటివాళ్ళు అంతా పూస గుచ్చినట్టు చెప్పారు. తల్లీకూతుళ్ళు తమ వసారాలోనే పడుకుంటున్నారని చాప కూడా చూపించారు. నేను పెన్సిల్‌తో సరిగ్గానే రాసుకున్నాను. ఇద్దరు, తాత్కాలికంగా పక్కింట్లో. ఆ మధ్యాహ్నం రబ్బరుతో ఆ మాటలు చెరిపేశాను. రబ్బరు పొట్టు ఊదేశాను. ఆ పైన ఇంకుతో ఖాళీ ఇల్లని రాశాను.

అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. ఆగలేదు.

నెల తర్వాత ఆ దేశం నుంచి ముగ్గురు వచ్చారు, లెక్క సరిచూసుకోవడానికి. అందులో ఒకావిడ ముప్ఫై అయిదేళ్ళది, ఎండకు మొహం కందిపోయి, చేతిలో చిన్న నోటు పుస్తకం పట్టుకుని ప్రతి గుమ్మం ముందూ ఆగేది. మిగతా ఇద్దరూ నీడ వెతుక్కుంటుంటే ఆవిడ మాత్రం ఆగేది. కిష్టమ్మ ఇంటి ముందు కూడా ఆగింది.

"ఈ కొమ్మ ఎందుకు కట్టారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పక్కింటి వసారాలోంచి కిష్టమ్మ వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమెను దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి.

"సారూ, గామెకు జర చెప్పుండ్రి. గిది మా ఇల్లే. మా ఆయన ధనిష్ఠల పోయిండు. ఆర్నెల్లు దీపం పెట్టొద్దన్నడు అయ్యగారు. ఉగాది దాటినంక మల్ల వస్తం. సామాన్లన్నీ లోపట్నే ఉన్నయి."

"ఏమంటోంది?" అని ఆవిడ నా వైపు తిరిగింది.

"ఈ ఇంట్లో ఎవరూ ఉండటం లేదంటోంది. మేకలు దూరకుండా ఆ కొమ్మ కట్టారట."

"ఈమె ఎవరు?"

"పక్కింటావిడ."

ఆవిడ రాసుకుంది. కిష్టమ్మ ఆ రాసే చేతినే చూస్తూ నిలబడింది.

"చెప్పిన్రా సారూ?"

"చెప్పానమ్మా."

"ఏమన్నది?"

"రాసుకుంది."

కిష్టమ్మ మొహం విప్పారింది. ఆ దొరసానికి రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆవిడ కూడా పుస్తకం చంకలో పెట్టుకుని, మన పద్ధతి ఎవరో నేర్పారు కాబోలు, వంగి నమస్కారం చేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళిద్దరి మధ్యా నేనున్నాను. నాకు చెమటలు పట్టాయి. ఎండ వల్ల అనుకున్నాను.

పొరపాటున నోరు జారిందని అనుకోవడానికి కూడా లేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. తన దేశానికి వెళ్ళాక, నివేదిక మీద సంతకం పెట్టే ముందు, నాకొక మెయిల్ రాసింది. ఆ ముళ్ళకొమ్మ తన మనసులోంచి పోవడం లేదని, ఫొటోలో చూస్తుంటే ఎవరో జాగ్రత్తగా కట్టినట్టుందని, అదేమైనా మీ ఆచారమా అని. ఎంత మర్యాదగా అడిగిందో. పరాయి దేశపు మనిషి, మన భాష రాదు, మన నక్షత్రాలు తెలియవు, అయినా ఆవిడకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీర్చడానికే కదా నన్ను పెట్టుకున్నది! ఇక్కడివాడినని, ఇక్కడి సంగతులు తెలిసినవాడినని జీతమిచ్చి పెట్టుకున్నారు. తెలియని మనిషి ఆ ఫారం రాసి ఉంటే అది పొరపాటయ్యేది. తెలిసిన నేను రాశాను. ఆ మెయిలుకు రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు, అలాంటి ఆచారమేదీ లేదని ఒక్క వాక్యం రాసి పంపాను.

మా తాతయ్య ఫొటో మా ముందుగదిలో ఉంది. ఆ రోజు ఇంటికొచ్చాక దాని వైపు చూడలేదు.

వానాకాలానికి ముందే పని మొదలైంది. ఒడ్డున ఇళ్ళు కూల్చిన వారం నేను ఆ దేశంలో ఉన్నాను. శిక్షణ. నున్నటి రోడ్లు, చలి, గాజు గదుల్లో ఉపన్యాసాలు. ఒకరోజు మమ్మల్ని బస్సులో ఊరిబయటికి తీసుకెళ్ళి ఒక రోడ్డు చూపించారు. తిన్నగా వచ్చిన రోడ్డు ఒకచోట వంకర తిరిగి, ఒక పాత పెంకుటింటిని చుట్టి, మళ్ళీ తిన్నగా పోయింది. ఆ ఇంటి ముసలావిడ ఒప్పుకోలేదట. అందుకని రోడ్డునే వంచామని మాకు చూపించినాయన గర్వంగా చెప్పాడు. మావాళ్ళంతా ఫొటోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను. నా ఫొటో కూడా తీయించుకున్నాను, ఆ ఇంటి ముందు నవ్వుతూ. ఆ ఫొటో ఇంకా ఉంది. చింపేయడానికి చేతులు రాలేదు, చూడటానికి మనసూ ఒప్పదు.

తిరిగొచ్చిన నాలుగో రోజున కిష్టమ్మ అబిడ్స్ ఆఫీసుకు వచ్చింది. రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు, నర్సింలు చనిపోయిన కాగితం. అప్పటికి శాంతి చేయించుకుని, పాలు పొంగించుకుని ఇంట్లోకి వచ్చిందట. ఇరవై రోజులున్నారట. ఇరవయ్యొకటో రోజున మిషను వచ్చింది. వరసలో ఉన్న అందరికీ తాళంచెవులు వచ్చాయి, తనకు రాలేదు.

నా బల్ల సొరుగులో ఫిర్యాదు ఫారాలున్నాయి. ఆ దేశం వాళ్ళు అచ్చేయించి పంపినవి. ఎవరైనా రాయచ్చు, రాస్తే వాళ్ళు మళ్ళీ విచారించి తీరాలి. సొరుగు నా మోకాలికి తగులుతోంది. తెరవలేదు. తెరిస్తే మొదట బయటపడేది నా అబద్ధమే. "ఆ దేశం వాళ్ళు ఒప్పుకోలేదమ్మా" అన్నాను.

"గామె రాసుకున్నది గద సారూ?"

"ఆవిడ రాసుకుంది. పైవాళ్ళు ఒప్పుకోలేదు."

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"గామెదేం తప్పులేదు సారూ. మా ఆయన పోయిన ఘడియనే గసొంటిది. ఆర్నెల్లు ఇడిశిపెట్టినా ఊకోలే. ఇల్లును గూడ ఎంబడి పట్టుకపోయిండు" అంది. నా మొహం ఎలా ఉందో ఏమో, పోతూ పోతూ మళ్ళీ తనే, "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి సారూ" అని మెట్లు దిగింది.

నేను చేసింది ఇల్లు తీసేయడం ఒక్కటే కాదు. ఇరవై ఏళ్ళు బస్తాలు మోసి ఆ గోడలు లేపిన మనిషిని, చచ్చిపోయినవాణ్ణి, ఆ నేరానికి జవాబుదారుణ్ణి చేశాను. ఆ తర్వాత ఆమె ప్రతి ఏటా మొగుడికి పెట్టే అన్నంలో ఎంత కోపం కలిసి ఉంటుందో. అది ఆలోచిస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

నాలా బాగైంది. నిజం చెప్పాలంటే చాలా బాగైంది. బస్తీల్లోకి నీళ్ళు రావడం తగ్గింది. గోడకు ఒక పాలరాతి ఫలకం పెట్టారు, రెండు దేశాల జెండాలు చెక్కి, స్నేహానికి గుర్తుగా అని. నేను కన్సల్టెన్సీలు మారాను, జీతం పెరిగింది, ఇద్దరు పిల్లల్ని చదివించాను. కిష్టమ్మ అక్కడే వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుంది. స్టేషన్ రోడ్డులో అప్పుడప్పుడూ ఎదురయ్యేది, నెత్తిన దుప్పట్ల మూటతో. ఒకసారి నా నంబరు అడిగి తీసుకుంది, ఆ దేశం నుంచి మళ్ళీ ఎవరైనా వస్తే చెప్పమని. ఎవరైనా వస్తున్నారా సారూ అని రెండు మూడేళ్ళు అడిగింది. తర్వాత అడగడం మానేసి, బాగున్నరా సారూ అని మాత్రం అనేది. ఆ పలకరింపుకు భయపడి నేను నాంపల్లి నుంచి అబిడ్స్‌కు బషీర్‌బాగ్ మీదుగా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ఎందుకంత చుట్టు అని నా భార్య అడిగితే ట్రాఫిక్ అన్నాను.

ఈ ఏడాది వానల్లో, ఒక మధ్యాహ్నం, కిష్టమ్మ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తాలా వద్దా అనుకుంటూ ఎత్తాను. యాదమ్మ.

"అమ్మ పోయింది సారూ. దవాఖానల పోయింది. తోలుకొచ్చినం. ఓనర్ ఇంట్లకు రానిస్తలేడు. మా మాట ఇంటలేడు. మీరొచ్చి జర చెప్పుండ్రి, మీ అసొంటోళ్ళు చెప్తే ఇంటడు."

వెళ్ళాను. సందు మొదట్లో వ్యాను ఆగి ఉంది, తలుపులు మూసి. ఓనరు పై వాటాలో ఉండే ముసలాయన. రాక్షసుడేం కాదు, కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. కిరాయికి ఉన్నవాళ్ళ శవాన్ని గుమ్మం లోపలికి రానివ్వకపోవడం ఈ ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు. నేను మర్యాదగా, మెల్లగా, నాకు చేతనైన మాటలన్నీ చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఏ నక్షత్రమో ఏమో. రేపు ఇల్లు ఇడువుమంటే ఇంతమందిమి యాడికి పోవాలె? సొంతిల్లయితే ఎవరద్దంటరు సారూ?"

ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకు అసలైన జవాబు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. ఆమెకు సొంతిల్లు ఎందుకు లేదో నాకు తెలుసు. నోరు మెదపలేదు.

రోడ్డు మీద బండ్లకు అడ్డం కాని చోటు నాలా గోడ పక్కన ఒక్కటే ఉంది. అక్కడ దింపారు. ఇంచుమించు వాళ్ళ ఇల్లుండిన చోటే. యాదమ్మ గమనించిందో లేదో తెలియదు, నేను గమనించాను. తుంపర పడుతోంది. నలుగురు మగవాళ్ళు నీలం టార్పాలిన్ నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు చీరలు చుట్టూ అడ్డం పట్టి, రోడ్డు మీదే ఆమెకు స్నానం చేయించారు. ఊరి దుప్పట్లన్నీ ఉతికిన మనిషి. పక్కనుంచి బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. గుమ్మంలో ఒక దీపం పెట్టడానికి గుమ్మం లేదు. ఇటుక మీద పెట్టారు, వానకు రెండుసార్లు ఆరిపోయింది.

యాదమ్మ నా దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఏ నక్షత్రంల పోయిందో ఫోన్‌ల జర చూస్తరా సారూ?"

పంచాంగం తెరిచి చూశాను. దోషం లేదు. ఇల్లు విడవాల్సిన నక్షత్రం కాదు. "మంచి నక్షత్రమేనమ్మా" అన్నాను.

"ఎసొంటిదైతేంది సారూ" అంది యాదమ్మ. "ఇడిశిపెట్టనీకి మాకు ఇల్లెక్కడిది?"

అప్పుడు చెప్పాల్సింది. అంతకంటే సమయం మళ్ళీ రాదు. మాట గొంతుదాకా వచ్చింది కూడా. ఎవరో పిలిచారు, పాడె ఎత్తడానికి మనుషులు తక్కువయ్యారని. ఒక పక్క నేను పట్టాను. కిష్టమ్మ బరువేమీ లేదు. పట్టుకున్న నా చేతులను చూసి ఎవరో ముసలాయన, పెద్దమనిషివి బిడ్డా, వచ్చినవు అన్నాడు. ఆ మాట విన్నాక ఇంక చెప్పలేకపోయాను. సిగ్గువల్ల కాదు. ఆ మర్యాద పోతుందని. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

యాదమ్మకు చెబుతానా? చెబితే ఏం చేస్తుంది? వాళ్ళ నాన్న మీద ఇన్నేళ్ళ కోపమన్నా తీరుతుంది. ఆ ఒక్కటి చాలు చెప్పడానికి. అయినా ఇంకా చెప్పలేదు. రేపు చెబుతానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో, అందుకని రాయను. క్షమించమని మిమ్మల్ని అడగను. మీ ఇల్లు కాదు పోయింది. ఇదంతా కాగితం మీద పెట్టాక మాత్రం ఛాతీలో కొంచెం చోటు అయినట్టుంది, ఊపిరి ఆడుతోంది. నాకు దక్కేది అంతే, అది కూడా ఎక్కువే.

పద్నాలుగేళ్ళ కిందట రబ్బరుతో చెరిపేసినదాన్ని ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను. ఇంకుతోనే.

నాంపల్లి, నాలా ఒడ్డు. రేకుల ఇల్లు, ఒక గది. తలుపుకు అడ్డంగా తుమ్మకంప కట్టి ఉంది. ఇంటి యజమాని నర్సింలు ధనిష్ఠలో చనిపోయినందున భార్య కిష్టమ్మ, కూతురు యాదమ్మ ఆర్నెల్లు ఇల్లు విడిచి పక్కింటి వసారాలో ఉంటున్నారు. సామాన్లు లోపలే ఉన్నాయి. ఉగాది దాటాక తిరిగి వస్తారు. ఇల్లు ఖాళీ కాదు.